42 ఎకరాలు, నాలుగు కుటుంబాలు, తెగబోయిన పన్ను చరిత్ర: టెక్సాస్ నుంచి ఒక కేస్ స్టడీ

ఆస్టిన్ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునే నలుగురు స్నేహితులు ఒక ఎల్‌ఎల్‌సీ (వాటాదారుల చిన్న కంపెనీ) పెట్టుకుని, పోస్ట్ ఓక్ సవానా అనే ప్రాంతంలో 42 ఎకరాలు కొన్నారు. ప్లాట్లు వేసి అమ్మే ఆలోచన వాళ్ళకు లేదు. అడవిని అడవిలాగే ఉంచి, పాడైపోయిన గడ్డి నేలను బాగుచేసి, పిల్లలు పెద్దయ్యాక వాళ్ళకు అప్పగించాలని మొదటి నుంచీ ఒకటే మాట. అలాంటి ఉద్దేశం ఉన్నవాళ్ళ కోసమే టెక్సాస్ చట్టంలో మంచి దారులున్నాయి. కానీ వాళ్ళు నా దగ్గరికి వచ్చింది మే నెలలో, చేతిలో కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ (పన్ను కోసం ఆస్తులకు విలువ కట్టే సంస్థ) నోటీసు పట్టుకుని, మంచి టెన్షన్‌లో. నిరుడు అదే భూమికి అమ్మినాయన కట్టిన పన్ను వంద డాలర్ల లోపే. వీళ్ళకు రాబోతున్నది దాదాపు 10,000 డాలర్లు.

గ్రామీణ భూములున్నవాళ్ళకు భూమి నిర్వహణ ప్లాన్లు రాయడం, అవి ఆస్తి పన్ను నిబంధనలకు సరిపోయేలా చూడటం, అవసరమైతే ఈ అప్రైజల్ డిస్ట్రిక్ట్ ముందు కూర్చుని మాట్లాడటం నా పని. ఈ కేసు వాళ్ళ అనుమతితోనే రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేశాను, అంకెలు లెక్కకు తేలికగా ఉండేలా గుండ్రం చేశాను. మనవాళ్ళలో ఈ మధ్య ఊరి బయట పది, ఇరవై, యాభై ఎకరాలు కొంటున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళలో ఎక్కువమందికి ఈ కథలో ఏదో ఒక మలుపు ఎదురవుతుంది కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

అసలు ఆ పన్ను అంత తక్కువ ఎందుకుంది

టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, అందుకే స్కూల్ డిస్ట్రిక్ట్, కౌంటీ, మిగతా స్థానిక సంస్థలు ఆస్తి పన్ను మీదే బతుకుతాయి, రేటు గట్టిగానే ఉంటుంది. మార్కెట్ ధర మీద ఆ రేటు వేస్తే ఏ రైతూ భూమి ఉంచుకోలేడు. అందుకని 1978లో రాష్ట్ర రాజ్యాంగంలో 1-డి-1 అనే సెక్షన్ చేర్చారు. దాని ప్రకారం వ్యవసాయంలో ఉన్న భూమికి మార్కెట్ ధర కాకుండా, ఆ నేల వ్యవసాయంగా ఎంత సంపాదించగలదో దాన్ని బట్టి విలువ కడతారు. జనం దీన్ని అగ్రి ఎగ్జెంప్షన్ అనేస్తారు గానీ పన్ను మాఫీ ఏమీ లేదు, రేటు అదే, విలువ కట్టే పద్ధతి మాత్రమే వేరు.

మా కేసులో లెక్క ఇలా ఉంది. ఎకరం మార్కెట్ విలువ 15,000 డాలర్లు అనుకుంటే 42 ఎకరాలకు 6,30,000. అన్ని సంస్థల రేట్లూ కలిపి 1.6 శాతం వేస్తే 10,080 డాలర్లు. అదే పచ్చిక భూమిగా ఎకరం ఉత్పాదక విలువ 100 డాలర్లు అనుకుంటే మొత్తం విలువ 4,200, పన్ను 67 డాలర్లు. తేడా ఏడాదికి 10,000 పైనే. ఇరవై ఏళ్ళు భూమిని అట్టే పెట్టుకోవాలనుకునే నాలుగు జీతాల కుటుంబాలకు ఈ తేడాయే భూమి ఉంటుందా పోతుందా అన్నది తేల్చేస్తుంది.

దీనికి అర్హత రెండు కాళ్ళ మీద నిలబడుతుంది. ఒకటి, ఈ ఏడాది ఆ భూమి ప్రధానంగా వ్యవసాయ ఉపయోగంలో ఉండాలి, అదీ ఆ ప్రాంతంలో మామూలుగా ఎంత గట్టిగా వ్యవసాయం చేస్తారో ఆ స్థాయిలో. రెండు, వెనకటి ఏడు సంవత్సరాల్లో కనీసం ఐదేళ్ళు అది వ్యవసాయంలోనో కలప పెంపకంలోనో ఉండి ఉండాలి. నగర పరిధి లోపల ఉంటే షరతులు ఇంకా గట్టివి. ఇక్కడ యజమాని రైతా, ఇంజనీరా అన్నది ఎవరూ అడగరు. పొలాన్ని పక్క రైతుకు మేతకు లీజుకిచ్చినా చెల్లుతుంది. చట్టం చూసేది ఎక్కువగా భూమి వాడకాన్ని.

ఎక్కడ తెగింది

అమ్మకం అక్టోబర్‌లో జరిగింది. పేపర్లలో, ప్రకటనలో, బ్రోకర్ మాటల్లో అన్నిచోట్లా అగ్రి ఉంది అనే ఉంది, అది నిజమే కూడా. అయితే ఆ వాల్యుయేషన్ పాత యజమాని దరఖాస్తు మీద వచ్చింది. ఒకసారి మంజూరైతే ఏటేటా మళ్ళీ పెట్టనవసరం లేదు, కానీ యజమాని మారితే కొత్త యజమాని కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి. 50-129 అనే ఫారం, గడువు ఏప్రిల్ 30. ఈ ఒక్క సంగతి క్లోజింగ్ రోజున, అంటే కొనుగోలు కాగితాల మీద సంతకాలైన రోజున, ఎవరూ చెప్పలేదు.

"అన్నా, కొన్నప్పుడే అగ్రి ఉందన్నారు కదా, మళ్ళీ అప్లికేషన్ ఏంటి?" అని అడిగారు మొదటి ఫోన్‌లోనే. ఇదే ప్రశ్న నేను చాలామంది దగ్గర విన్నాను, అందరూ చదువుకున్నవాళ్ళే. ఇంటి విషయంలో కూడా హోమ్‌స్టెడ్ (సొంతింటి పన్ను రాయితీ) కోసం కొత్తగా పెట్టుకోవాలని తెలిసినవాళ్ళు, భూమి విషయానికి వచ్చేసరికి అది నేలతో పాటే వస్తుందనుకుంటారు.

దరఖాస్తు ఒక్కటే అయితే ఇంత టెన్షన్ లేదు. అసలు సమస్య పశువులు. పాత యజమాని దగ్గర పక్క రాంచ్ ఆయన నోటి మాట మీద ఆవుల్ని మేపుకునేవాడు. భూమి చేతులు మారగానే, కొత్తవాళ్ళు ఏమంటారో తెలియక ఆయన డిసెంబర్‌లో మందను తోలుకుపోయాడు. ఆస్తి పన్నుకు కీలకమైన తేదీ జనవరి 1. ఆ రోజున ఆ 42 ఎకరాల్లో ఒక్క ఆవు కూడా లేదు. మార్చిలో వీళ్ళలో ఒకాయన వెళ్ళి చూసి, ఆ రాంచ్ పెద్దాయనను కలిసి మాట్లాడితే ఆయన మళ్ళీ మందను తెచ్చి వదిలాడు. అదృష్టం ఏమిటంటే, పన్ను ఆలోచన లేకుండానే ఆ పని జరిగింది, దాని వల్లే కేసు నిలబడింది.

మే నుంచి జూలై దాకా

గడువు దాటినా దారి పూర్తిగా మూసుకుపోదు. అప్రైజల్ రివ్యూ బోర్డు (డిస్ట్రిక్ట్ నిర్ణయాల మీద అభ్యంతరాలు వినే బోర్డు) ఆ ఏడాది రికార్డులను ఆమోదించే లోపల, మామూలుగా జూలై 20 ప్రాంతం, ఆలస్యపు దరఖాస్తు తీసుకుంటారు. దానికి జరిమానా ఉంటుంది: మార్కెట్ విలువ మీద పన్నుకీ, ప్రత్యేక విలువ (అంటే 1-డి-1 కింద కట్టే విలువ) మీద పన్నుకీ ఉన్న తేడాలో 10 శాతం. మా లెక్కలో సుమారు 1,000 డాలర్లు. 10,000తో పోలిస్తే అది కళ్ళు మూసుకుని కట్టాల్సిన డబ్బు. బోర్డు ఆమోదం అయిపోయిందా, ఆ ఏడాదికి తలుపు మూసినట్టే.

డిస్ట్రిక్ట్ నుంచి వచ్చే అభ్యంతరం ఏమిటో ముందే తెలుసు కాబట్టి జనవరి 1 సంగతిని దాచకుండా మేమే ముందు పెట్టాం. రాష్ట్ర కంప్ట్రోలర్ ఇచ్చే మార్గదర్శకాల్లో ఈ పరిస్థితికి సమాధానం ఉంది: జనవరి 1న వ్యవసాయం కంటికి కనపడకపోయినా, ఆ ఏడాదిలో ఎక్కువ భాగం భూమిని వ్యవసాయంలో ఉంచే ఉద్దేశం ఉందని యజమాని ఆధారాలతో చూపగలిగితే అర్హత ఉంటుంది. ఆధారాలు అంటే ఏమిటి? నోటి మాటను రాత లీజుగా మార్చాం. రాంచ్ పెద్దాయన, మందను ఎప్పుడు తీశాడో, ఎప్పుడు తిరిగి తెచ్చాడో సంతకం పెట్టి రాసిచ్చాడు. కంచె మరమ్మతు రసీదు, నీటి తొట్టి ఫొటోలు, ఆవుల ఫొటోలు తేదీలతో సహా జతచేశాం. వెనకటి ఏళ్ళ చరిత్రకు డిస్ట్రిక్ట్ దగ్గరున్న రికార్డే సాక్ష్యం.

మొదట తిరస్కరణ వచ్చింది. భూమి ఏడాది మొదట్లో ఖాళీగా ఉంది, స్థానిక స్థాయికి తగ్గట్టు పశువులు లేవు అని కారణం. దాని మీద బోర్డుకు ప్రొటెస్ట్ (అభ్యంతరం) వేశాం. బోర్డు విచారణకు ముందు డిస్ట్రిక్ట్ సిబ్బందితో ముఖాముఖి మాట్లాడే అవకాశం ఉంటుంది, అక్కడే విషయం తేలిపోయింది. వాళ్ళు ప్రచురించిన స్థాయి ప్రకారం ఎన్ని ఎకరాలకు ఎన్ని పశువులు ఉండాలో, మా లీజులో ఎన్ని ఉన్నాయో పక్కపక్కన పెట్టి చూపించాం. ఇలాంటి చోట గొంతు పెంచి మాట్లాడేవాళ్ళను చూశాను, వాళ్ళకు ఒరిగిందేమీ లేదు. ఆ టేబుల్ అవతల కూర్చున్నవాళ్ళకు ఫైల్లో పెట్టుకోవడానికి ఒక కాగితం కావాలి, అది మన చేతిలో ఉండాలి.

జూలైలో మంజూరైంది. జరిమానా కట్టారు.

ఇంత తాపత్రయం ఒక ఏడాది పన్ను కోసమే అనుకోవద్దు. ఆ ఏడాది తప్పితే వచ్చే నష్టం ఇంకొకటి ఉంది, అది 10,000 కన్నా పెద్దది.

వైల్డ్‌లైఫ్ దారి

వీళ్ళకు ఆవులు అక్కర్లేదు. వాళ్ళు కోరుకున్నది పక్షులు, జింకలు, పాత గడ్డి జాతులు తిరిగి రావడం. టెక్సాస్ ఓటర్లు 1995లో రాజ్యాంగ సవరణకు ఒప్పుకుని, వన్యప్రాణి నిర్వహణను కూడా వ్యవసాయ ఉపయోగంగా గుర్తించే వీలు కల్పించారు. అదే పన్ను విలువ కొనసాగుతుంది, పశువులు మేపనక్కర్లేదు. నా దృష్టిలో భూమిని బాగుచేయాలనుకునే చిన్న యజమానికి ఇంతకన్నా మంచి చట్టం ఈ రాష్ట్రంలో లేదు.

షరతు ఏమిటంటే, వైల్డ్‌లైఫ్‌కు మారే ఏడాదికి ముందు ఏడాది ఆ భూమి 1-డి-1 కింద గానీ కలప భూమిగా గానీ విలువ కట్టబడి ఉండాలి. మామూలు మార్కెట్ విలువలో ఉన్న భూమిని నేరుగా వైల్డ్‌లైఫ్‌లోకి తీసుకురాలేం. ఇప్పుడు అర్థమైంది కదా ఆ జూలై ఎంత ముఖ్యమో. ఏడేళ్ళలో ఐదేళ్ళ చరిత్ర ఒక్క ఏడాది పోయినంత మాత్రాన చావదు, కానీ వైల్డ్‌లైఫ్ కోసం మళ్ళీ ఇంకో ఏడాది ఆవుల్ని పెట్టి, 1-డి-1 తెచ్చుకుని, ఆ తర్వాతే మారాలి.

మారాక ఏడు రకాల పనుల్లో కనీసం మూడు ఏటా చేయాలి: ఆవాసాన్ని సరిదిద్దడం, నేల కోతను ఆపడం, వేటాడే జీవుల్ని అదుపు చేయడం, అదనంగా నీరు పెట్టడం, అదనంగా మేత అందించడం, గూళ్ళు లేదా ఆశ్రయం ఏర్పాటు చేయడం, జీవుల్ని లెక్కపెట్టడం. ఇవన్నీ ఈ నేలకు చెందిన వన్యప్రాణుల సంతతి నిలబడేలా ఉండాలి, తెచ్చి పెంచే విదేశీ జింకలకు ఇది వర్తించదు. టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ప్రతి పర్యావరణ ప్రాంతానికీ వేర్వేరుగా మార్గదర్శకాలు ఇచ్చింది, ప్లాన్ రాయడానికి 885 నంబరు ఫారం కూడా వాళ్ళదే. ఆ శాఖ బయాలజిస్టులు యజమానులకు ఉచితంగా సలహా ఇస్తారు. మనవాళ్ళు ఈ సాయం చాలా తక్కువగా వాడుకుంటున్నారు, ఒక్క ఈమెయిల్ పెడితే చాలు.

చాలామంది ఇక్కడ తేలికైన మూడు ఎంచుకుంటారు: ఒక మేత డబ్బా, ఒక నీటి తొట్టి, రెండు గూటి పెట్టెలు. కాగితం మీద సరిపోవచ్చు. నేను అలాంటి ప్లాన్లు రాయను. ఒకటి, డిస్ట్రిక్ట్ మనిషి వచ్చి చూసినప్పుడు అవి ఆ ఎకరాలకు తగిన స్థాయిలో కనపడవు. రెండు, వాటి వల్ల నేల బాగుపడదు, ఐదేళ్ళ తర్వాత యజమానికే విసుగొచ్చి మానేస్తాడు. నేలకు ఏం కావాలో ముందు చూస్తే, మూడు కాదు ఐదు పనులు వాటంతట అవే తేలతాయి.

ఆ 42 ఎకరాల్లో ముందుగా కనపడింది యోపాన్ పొద. పోస్ట్ ఓక్ చెట్ల కింద నడుము ఎత్తు నుంచి తల ఎత్తు దాకా మనిషి దూరలేనంత చిక్కగా అల్లుకుపోయింది, దానికి తోడు ఈస్టర్న్ రెడ్ సీడర్. ఈ ప్రాంతంలో పూర్వం ఎప్పటికప్పుడు కార్చిచ్చు పాకి పొదల్ని అదుపులో ఉంచేది, చెట్ల మధ్య గడ్డి ఉండేది. నిప్పు ఆగిపోయాక పొద పెరిగింది, నీడకు గడ్డి చచ్చింది, గడ్డి లేక నేల మీద గూడు కట్టుకునే బాబ్‌వైట్ కౌజు పిట్టలు తగ్గిపోయాయి. బయళ్ళలో ఉన్నదేమో పశువుల కోసం వేసిన కోస్టల్ బెర్ముడా గడ్డి, చాపలా పరుచుకుంటుంది, పిట్ట పిల్ల దాంట్లోంచి నడవలేదు.

అందుకని ప్లాన్ గుండెకాయ ఆవాస పని. యోపాన్, సీడర్‌లను మొత్తం ఒకేసారి కొట్టేయకుండా పట్టీలు పట్టీలుగా తీయడం, వాగు ఒడ్డున అసలు ముట్టుకోకపోవడం, తీసిన కొమ్మల్ని కొన్నిచోట్ల కుప్పలుగా వదలడం (అవే చిన్న జీవులకు ఆశ్రయం, అంటే ఇంకో పని కింద లెక్క). బెర్ముడా ఉన్న బయళ్ళలో ఒక వైపు నుంచి మొదలుపెట్టి దాన్ని చంపి, లిటిల్ బ్లూస్టెమ్, ఇండియన్ గ్రాస్ లాంటి స్థానిక గడ్డి గింజలు చల్లడం. పొదల తొలగింపుకు సమాఖ్య ప్రభుత్వ ఎన్‌ఆర్‌సీఎస్ సంస్థ ఈక్విప్ అనే పథకం కింద ఖర్చులో కొంత భరిస్తుంది, అర్హత చూసుకుని పని మొదలుపెట్టక ముందే దరఖాస్తు పెట్టాలి. మా వాళ్ళు ఒక భాగానికి పెట్టారు, మిగతాది సొంత ఖర్చు.

వాన నీటికి నేల కోసుకుపోయి గండి పడుతున్న ఒక చోట కోత ఆపడానికి రాళ్ళ అడ్డుకట్టలు. వేసవి కోసం నేల మట్టాన నీరు అందే తొట్టి, చిన్న జీవులు మునిగిపోకుండా లోపల ఏటవాలు. ఇక లెక్కింపు: వసంతంలో పాడే పక్షుల లెక్క, ఏడాది పొడవునా కెమెరాలు. పిల్లలు పెయింటెడ్ బంటింగ్‌ను గుర్తుపట్టడం నేర్చుకున్నది ఈ లెక్కల్లోనే. మొదటి వసంతంలో అది పాడుతూ దొరికిన చోటు, అంతకు ముందు చలికాలంలో పొద తీసిన పట్టీ అంచు. ఇలాంటివి చూసినప్పుడు ఈ పని మీద నాకున్న ఇష్టం రెట్టింపవుతుంది.

ప్లాన్‌తో పాటు ఏప్రిల్ 30 లోపే దరఖాస్తు పెట్టాం, ఏ ఇబ్బందీ లేకుండా మంజూరైంది. ఏడాది చివర 888 ఫారం మీద వార్షిక నివేదిక రాసుకుంటాం. డిస్ట్రిక్ట్ అధిపతి అయిన చీఫ్ అప్రైజర్ అడిగినా అడక్కపోయినా అది రాసి ఉండాలని నా నియమం, రసీదులు, తేదీలున్న ఫొటోలు, లెక్కల కాగితాలు అన్నీ ఒకే ఫోల్డర్‌లో.

"ముక్కలు చేసుకుంటే పోదా?"

రెండో ఏడాది ఈ ప్రశ్న వచ్చింది. ఇద్దరు ఎవరి ముక్క వాళ్ళు రాయించుకుందామన్నారు. నాలుగు భాగాలు, తలా పదిన్నర ఎకరాలు. స్నేహం బాగున్నప్పుడే పంచుకోవడం మంచిదని వాళ్ళ వాదన, అందులో న్యాయం ఉంది.

కానీ వైల్డ్‌లైఫ్ భూమి విస్తీర్ణం నిరుటికన్నా తగ్గితే ఒక నిష్పత్తి పరీక్ష పాస్ కావాలి. మొత్తం ఎకరాల్లోంచి ఒకటి తీసేసి, మొత్తంతో భాగించాలి. వచ్చిన శాతం డిస్ట్రిక్ట్ ఎంచుకున్న కనీస శాతం కన్నా తక్కువ కాకూడదు. పదిన్నర ఎకరాలకు తొమ్మిదిన్నరను పదిన్నరతో భాగిస్తే దాదాపు 90 శాతం. వీళ్ళ డిస్ట్రిక్ట్ పెట్టుకున్నది 93, దానికి కనీసం 14.3 ఎకరాలుండాలి. మూడు ముక్కలు చేసినా 14 ఎకరాలే, 92.9 శాతం, వెంట్రుకవాసిలో తప్పుతుంది. 95 శాతం పెట్టిన చోట అయితే 20 ఎకరాలు కావాలి. 42 ఎకరాలుగా కలిసి ఉంటే 97 శాతం దాటుతుంది, సమస్యే లేదు.

"మరి తేనెటీగలు పెట్టుకుంటే?" అన్నారు. పెట్టుకోవచ్చు. 5 నుంచి 20 ఎకరాల లోపు భూమికి తేనెటీగల పెంపకాన్ని టెక్సాస్ చట్టం వ్యవసాయంగా ఒప్పుకుంటుంది, ఎన్ని పెట్టెలుండాలో కౌంటీ చెప్తుంది, అద్దెకు పెట్టెలు తెచ్చి చూసుకునేవాళ్ళూ ఉన్నారు. చిన్న ముక్క ఉన్నవాళ్ళకు అది నిజాయితీ గల దారే. కానీ ఈ కుటుంబాలు మొదలుపెట్టిన పని వేరు. యోపాన్ పట్టీలు, గడ్డి విత్తడం, వాగు ఒడ్డు ఇవన్నీ నాలుగు కంచెల మధ్య నరికితే నడవవు. ఆ మాటే చెప్పాను. భూమి కలిపే ఉంచి, ఎల్‌ఎల్‌సీ ఒప్పందంలోనే ఎవరైనా బయటికి వెళ్ళాలంటే మిగతావాళ్ళకు ముందు కొనే హక్కు, విలువ ఎలా కట్టాలి, డబ్బు ఎన్ని వాయిదాల్లో ఇవ్వాలి అన్నవి లాయరుతో రాయించమన్నాను. రాయించుకున్నారు.

వీసా సంగతి

ఇది మనవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. ఆ నలుగురిలో ఒకాయనకు గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు. అమెరికా పౌరుడు గానీ, శాశ్వత నివాసి గానీ కాని వ్యక్తి వ్యవసాయ భూమి కొంటే, మొత్తం 10 ఎకరాలు దాటినప్పుడు, 1978 నాటి సమాఖ్య చట్టం కింద 90 రోజుల్లో వ్యవసాయ శాఖకు ఎఫ్‌ఎస్‌ఏ-153 ఫారం మీద తెలియజేయాలి. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకూ ఇది వర్తిస్తుంది. ఎల్‌ఎల్‌సీ పేరున కొన్నా తప్పదు, అలాంటి వ్యక్తికి ఒక్కడికే 10 శాతం వాటా ఉంటే చాలు. ఇక్కడ ఆయన వాటా 25. జరిమానా భూమి మార్కెట్ విలువలో 25 శాతం దాకా ఉండొచ్చు, చిన్న సంగతి కాదు.

దీనికి రాష్ట్ర పన్నుతో ముడి ఉంది. ఆ సమాఖ్య నమోదు అవసరమైన నాన్ రెసిడెంట్ ఏలియన్ (అమెరికా నివాసి కాని విదేశీయుడు) భూమికి, అలాంటివాళ్ళ చేతిలో మెజారిటీ ఉన్న సంస్థ భూమికి 1-డి-1 ఇవ్వకూడదని టెక్సాస్ ట్యాక్స్ కోడ్ చెప్తుంది. మా కేసులో మెజారిటీ లేదు కాబట్టి అర్హతకు ఇబ్బంది రాలేదు, నమోదు మాత్రం లాయరు ద్వారా చేయించాం, వాటాలు రాసిన పత్రం దరఖాస్తుకు జతచేశాం. వీసా మీద ఉన్నవాళ్ళు ఒక్కరే సొంతంగా కొనేటప్పుడు ఈ సెక్షన్ తమకు ఎలా వర్తిస్తుందో క్లోజింగ్‌కు ముందే లాయరుకు చూపించుకోండి, తర్వాత కాదు.

ఇల్లు కట్టుకుంటే

ఒక కుటుంబం వారాంతాలకు చిన్న ఇల్లు కావాలంది. కట్టుకోవచ్చు, దాని చుట్టూ ఉన్న జాగా ప్రత్యేక విలువలోంచి బయటికి వస్తుంది. అలా వాడకం మారిన భాగానికి రోల్‌బ్యాక్ పన్ను పడవచ్చు, అంటే వెనకటి మూడేళ్ళకు మార్కెట్ విలువ మీద కట్టాల్సిన దానికీ కట్టిన దానికీ ఉన్న తేడా. ఇది ఐదేళ్ళుండేది, 2019లో మూడుకు తగ్గించారు, 2021లో దాని మీద వడ్డీ కూడా తీసేశారు. రెండెకరాలు బయటికి తీస్తే మా లెక్కలో సుమారు 1,430 డాలర్లు, ఒకేసారి. మొత్తం 42 ఎకరాలూ వెంచర్ వేసేస్తే 30,000 చుట్టూ ఉంటుంది.

ఇక్కడ జనంలో ఉన్న రెండు భయాలు తీసేయాలి. భూమి అమ్మినంత మాత్రాన రోల్‌బ్యాక్ రాదు. పడావు పెట్టినంత మాత్రాన కూడా మామూలుగా రాదు, ప్రత్యేక విలువ పోతుంది అంతే. వ్యవసాయేతర పనికి మార్చినప్పుడే అది వస్తుంది, భూమి మీద బాకీగా కూర్చుంటుంది. అందుకే కొనేటప్పుడు ఒప్పందంలో రోల్‌బ్యాక్ ఎవరు కట్టాలో రాసుకోవాలి. ఇంటిని వాగుకు దూరంగా, దారి పక్కన, ఎప్పుడో బాగా తొక్కిన నేలలో పెట్టమన్నాను, అందుకు ఒప్పుకున్నారు.

వానలు లేని ఏడాది ఆవులు తీసేయాల్సి వస్తే ఏమవుతుందని మేత దారిలో ఉన్నవాళ్ళు అడుగుతుంటారు. గవర్నర్ కరువు ప్రకటించినప్పుడు, తిరిగి మొదలుపెట్టే ఉద్దేశం ఉంటే తాత్కాలికంగా ఆపినా అర్హత పోదని చట్టంలోనే ఉంది. 2011 లాంటి కరువు చూసిన రాష్ట్రంలో ఆ వెసులుబాటు లేకపోతే నేలను పశువులతో గీకించి చంపేసేవాళ్ళు.

వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళకు ఒక్క మాట. పేర్లు, షరతులు మారతాయి. జార్జియాలో కన్జర్వేషన్ యూజ్ కింద 10 ఏళ్ళ ఒప్పందం రాసివ్వాలి, మధ్యలో తప్పుకుంటే దెబ్బ గట్టిగా ఉంటుంది. న్యూజెర్సీలో కనీసం 5 ఎకరాలు, మొదటి ఐదెకరాలకు ఏడాదికి 1,000 డాలర్ల అమ్మకాలు చూపాలి. కాలిఫోర్నియాలో 1965 నాటి విలియమ్సన్ చట్టం కింద కౌంటీతో పదేళ్ళ కాంట్రాక్టు, ఏటా దానంతటదే పొడిగింపు. నార్త్ కరోలినాలో ప్రెజెంట్ యూజ్ వాల్యూ, తప్పుకుంటే వెనకటి మూడేళ్ళ వాయిదా పన్ను. ఎక్కడైనా కొనే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటే: ఈ భూమికి ఇప్పుడున్న పన్ను స్థితి నా పేరు మీదికి రావాలంటే నేను ఏ తేదీలోపు ఏం చేయాలి?

ఇప్పుడు ఎక్కడున్నారు

యోపాన్ తీసిన పట్టీల్లో ఎండ తగిలిన చోట, మేం చల్లకుండానే లిటిల్ బ్లూస్టెమ్ లేచింది, నేలలో పాత గింజలు ఇంకా ఉన్నాయన్నమాట. బెర్ముడా మాత్రం మొండిది, రెండు సీజన్లు పట్టేలా ఉంది. పొదలు తీయించడానికి, గింజలకు పెట్టిన ఖర్చు మొదటి రెండేళ్ళలో ఆదా అయిన పన్నులో సగం కన్నా తక్కువే. మిగిలింది మూడో ఏడాది పనికి ఎల్‌ఎల్‌సీ ఖాతాలోనే ఉంచారు.

ఇంకా తేలని విషయం ఒకటుంది. ముగ్గురికి కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ ఇవ్వాలని ఉంది, అంటే ఈ భూమిని ఎప్పటికీ ముక్కలు చేయకుండా, వెంచర్ వేయకుండా ఉండే హక్కును ఒక ల్యాండ్ ట్రస్ట్‌కు దానంగా రాసివ్వడం. షరతులు నెరవేరితే సమాఖ్య ఆదాయపు పన్నులో దాని విలువకు మినహాయింపు వస్తుంది, ఏడాదికి సర్దుబాటు ఆదాయంలో 50 శాతం దాకా, మిగిలింది 15 ఏళ్ళ వరకు ముందుకు తీసుకెళ్ళొచ్చు. జీతాలు బాగా ఉన్న ఇళ్ళకు అది పెద్ద మొత్తమే. కానీ అది శాశ్వతం, పిల్లలూ మార్చలేరు. నాలుగో ఆయన పిల్లలు ఇంకా బడి ఈడువాళ్ళు, వాళ్ళ తరఫున శాశ్వతంగా సంతకం పెట్టడానికి ఆయనకు మనసొప్పడం లేదు. నేను ఆయన్ని తొందరపెట్టడం లేదు, మిగతా ముగ్గురినీ తొందరపెట్టొద్దన్నాను, ఎందుకంటే ఏటా చేసే వైల్డ్‌లైఫ్ పనికి ఈజ్‌మెంట్ అవసరం లేదు, అది లేకుండానే నేల బాగుపడుతోంది. ఈ చలికాలం ల్యాండ్ ట్రస్ట్ వాళ్ళు వచ్చి నలుగురితో కలిసి భూమంతా తిరిగి చూస్తామన్నారు. ఆలోపు తూర్పు వైపు ఇంకో పట్టీ యోపాన్ తీయించాలి.